టవరు లేని కంపెనీ, ముందే చెల్లించిన వెల

ఉస్మాన్‌గంజ్‌లో అసర్ నమాజు ముగించుకొని ఒక టోకు కిరాణా దుకాణంలో కూర్చున్నాము. దుకాణదారుని కుమారుడు జిద్దాలో ఉద్యోగం చేస్తున్నాడు. అతడు కొన్న ప్రీపెయిడ్ సిమ్ తాలూకు కంపెనీకి సొంతంగా ఒక్క టవరు కూడా లేదట. “తన దగ్గర లేని సరుకును అమ్మవద్దని దైవప్రవక్త (సఅసం) వారించారు కదా! మరి ఈ బేరం ధర్మసమ్మతమేనా?” అని ఆ పెద్దమనిషి మమ్మల్ని అడిగారు. సరుకు గోదాములో దిగనిదే బిల్లు రాయని వ్యాపారి అడిగిన ప్రశ్న గనుక దానిని తేలికగా తీసుకోలేకపోయాము.

ఇటువంటి కంపెనీలు గల్ఫ్‌లో కొత్తేమీ కాదు. సౌదీ అరేబియాలో 2014లో ఆరంభమైన వర్జిన్ మొబైల్ ఎస్‌టీసీ నెట్‌వర్క్‌పై, లెబారా మొబైలీ నెట్‌వర్క్‌పై సేవలు అందిస్తూ వచ్చాయి. పెద్ద సంస్థ వద్ద నిమిషాలను, డేటాను టోకుగా కొని, తమ పేరుతో, తమ సిమ్‌తో చిల్లరగా అమ్మడమే వీటి వ్యాపారం. మన దేశంలోనూ 2008లో టాటా నెట్‌వర్క్‌పై వర్జిన్ మొబైల్ వచ్చింది, కొన్నేళ్లకు కనుమరుగైంది. ఇటువంటి సంస్థలకు విడిగా లైసెన్సు ఇచ్చే మార్గదర్శకాలు మాత్రం 2016లోగాని రాలేదు.

ఈ కంపెనీ అమ్ముతున్నది టవరును కాదు, దానిని వాడుకునే ప్రయోజనాన్ని. యజమాని అనుమతితో, అద్దెకు తీసుకున్న ఇంటిని మరొకరికి అద్దెకిచ్చినట్టే ఇది. ధర్మశాస్త్ర పండితులలో అధికులు దీనిని సమ్మతించారు. తాను చెల్లించే దానికన్నా ఎక్కువ అద్దెకు ఇవ్వాలంటే తనవంతుగా ఏదైనా జోడించి ఉండాలని హనఫీ పండితులు షరతు పెట్టారు. సిమ్, లెక్కలు, ఫిర్యాదులు వినే ఏర్పాటు ఈ కంపెనీ జోడించినవే గనుక ఆ షరతు కూడా నెరవేరిందనే మేము భావిస్తున్నాము.

అయితే మా దృష్టిలో అసలు ప్రశ్న టవరుది కాదు, ముందే చెల్లించిన సొమ్ముది. దైవప్రవక్త (సఅసం) మదీనాకు వచ్చేనాటికి అక్కడివారు ఏడాది, రెండేళ్ల తర్వాత చేతికందే ఖర్జూరాలకు ముందే వెల చెల్లించేవారు. ఆయన ఆ పద్ధతిని నిషేధించలేదు. కొలత, తూకం, గడువు ముందే తెలిసి ఉండాలని మాత్రం ఆదేశించారు. రీచార్జి ఖర్జూరం కాకపోవచ్చు. కాని డబ్బు ముందు, సేవ తర్వాత అయిన ప్రతి బేరంలోనూ కొన్నవాని రక్షణ ఆ స్పష్టతలోనే ఉంది. ఎన్ని నిమిషాలు, ఎంత డేటా, ఎన్ని రోజులు, గడువు దాటితే మిగిలిన సొమ్ము ఏమవుతుంది? టవరు ఎవరిదైనా, వీటికి జవాబు చెప్పవలసింది సొమ్ము పుచ్చుకున్న కంపెనీయే. సిగ్నల్ అందనప్పుడు “అది పెద్ద సంస్థ తప్పు” అని తప్పించుకోవడం, బియ్యంలో రాళ్లుంటే మిల్లును చూపించడం వంటిది.

గడువు విషయంలో మన ఇళ్లలోని ఫోన్లకూ ఒక మాట వర్తిస్తుంది. 28 రోజుల పథకాన్ని “నెల రీచార్జి” అనడం మనకు అలవాటైపోయింది. చాంద్రమానంలో నెలకు 29 రోజులుంటాయి, లేదా 30. 28 రోజుల నెల మన క్యాలెండరులో లేనేలేదు. 28 అని చెప్పి 28 ఇస్తే అది మోసం కాదు. నెల అని చెప్పి 28 ఇవ్వడమే తూకంలో కోత. కనీసం ఒక్క పథకమైనా 30 రోజులకు ఉండాలని ట్రాయ్ 2022లో ఆదేశించింది. ఆ పథకం ఏదో అడిగి తీసుకునేవారు మాత్రం మాకు అరుదుగా కనిపిస్తారు.

కుమారునికి చెప్పమని మరొక మాట కూడా అన్నాము. సౌదీలో సిమ్ వేలిముద్రతో ముడిపడి ఉంటుంది. స్నేహితుని కోసమైనా తన వేలిముద్రపై సిమ్ తీసి ఇవ్వరాదు. ఆ నంబరుతో జరిగే ప్రతి పనికీ అతడే సాక్ష్యం పలికినట్టవుతుంది.

దుకాణదారుడు అంతా విని, బిల్లు పుస్తకం వెనుక 365ను 28తో భాగించారు. పదమూడు రీచార్జులు పోగా ఒక్క రోజు మిగిలింది. “పన్నెండు నెలలకు పదమూడు బస్తాల వెల నేను పుచ్చుకుంటే ఈ గంజ్‌లో నా దుకాణం తెరవనిస్తారా?” అంటూ ఫోను అందుకొని, తమ ఇంట్లోవారి పథకం ఎన్ని రోజులదో చూడసాగారు.