వేలికి ఉంగరం, విరలిల్ మోదిరం

హోసూరు వైపు తెలుగిళ్లలో పిల్లలు ‘వేలికి ఉంగరం’ అంటారు. బడిలోని తమిళంలో అది ‘విరలిల్ మోదిరం’, పక్కింటి కన్నడంలో ‘బెరళల్లి ఉంగుర’. అంటే ఆ రెండు భాషలకూ ఉంగరం వేలి‘లో’ ఉంది. ఇంగ్లీషుకొచ్చేసరికి వేలి ‘మీద’కెక్కుతుంది.

ఉన్నది ఒక్క ఉంగరమే.

ఇలాంటి మాటల దగ్గర పిల్లలు తికమకపడేది లోపల, మీద తేడా తెలియక కాదు. భాషా పరిశోధకులు జుడిత్ జాన్‌స్టన్, డాన్ స్లోబిన్ 1979లో ఇంగ్లీషు, ఇటాలియన్, సెర్బో-క్రొయేషియన్, టర్కిష్ పిల్లల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. నాలుగు భాషల్లోనూ ‘లో’, ‘మీద’, ‘కింద’, ‘పక్కన’ అనే మాటలు తొలుత పట్టుబడ్డాయి. ‘ముందు’, ‘వెనక’ ఆలస్యమయ్యాయి. తెలుగులాగే ఈ మాటల్ని నామవాచకం తర్వాత చేర్చే టర్కిష్ పిల్లలు ఇంగ్లీషు పిల్లలకంటే త్వరగా నేర్చారు.

కాబట్టి చిక్కంతా ఏ భాష ఎక్కడ గీత గీస్తుందన్న దగ్గరే. మనం బస్సులో వెళ్తాం, ఇంగ్లీషువాళ్లు ‘ఆన్ ద బస్’ అంటారు. మన పిట్ట చెట్టు మీద వాలుతుంది, వాళ్లది ‘ఇన్ ద ట్రీ’. ‘ఇన్ ద బస్’ అని రాసిన పిల్లాడు మొద్దు కాదు, తెలుగులో సరిగ్గా ఆలోచించాడు.

2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరైంది. హోసూరు ఉన్న కృష్ణగిరి జిల్లా తెలుగు పిల్లలకు తమిళం, ఇంగ్లీషు రెండూ మోయక తప్పదు. అలాంటప్పుడు తప్పు కింద ఎర్రగీత ఒక్కటే చాలదు. ఉంగరం, బస్సు, పిట్ట బొమ్మలు బోర్డు మీద గీసి, పక్కనే తెలుగు, తమిళ, కన్నడ, ఇంగ్లీషు మాటలు రాయించాలి. అందుకు తరగతిలో పావుగంట చాలు.