అద్దపు తొట్టిలో సముద్రము

మానేటి ఒడ్డున సముద్రమును పెంచవలెనన్న కోరిక వినుటకు వింతగా నుండును. అయినను అది నేడు కరీంనగరమునకు గాని ఆదిలాబాదునకు గాని అందరానిది కాదు. సముద్రపు ఉప్పు సంచిలో దొరకును. దీపము, మోటారు, అద్దపు తొట్టి బండిమీద ఇంటికి చేరును. రంగుచేపలతో తనివితీరని గృహస్థు క్రమముగా పగడపు దిబ్బమీదికి మనసు పోనిచ్చును. అతడు నేర్చుకొనునవి బడిపంతుళ్లకును పనికివచ్చును. కాని ఆ నేర్పునకు సముద్రము చెల్లించు వెల కూడ విచారింపదగినది.

తొట్టిలో పెరుగవలసినది చేప కాదు, ముందు నీరు. లీటరునకు సుమారు 35 గ్రాముల లెక్కన 200 లీటర్లకు 7 కిలోల ఉప్పు కలుపవలెను. అది వంటింటి ఉప్పు కాదు. మెగ్నీషియము, కాల్షియము మొదలగు సముద్ర లవణములన్నియు అందుండవలెను. నీరు కలిపిన మరునాడే జీవములను వదలినచో అవి బ్రదుకవు. చేప విసర్జించు అమ్మోనియా విషము. ఒక జాతి బాక్టీరియా దానిని నైట్రైటుగా మార్చును; అదియు విషమే. మరియొక జాతి దానిని నైట్రేటుగా మార్చినగాని తొట్టి నివాసయోగ్యము కాదు. కంటికి కనబడని ఈ సంసారము కుదుటబడుటకు కొన్ని వారములు పట్టును. ఖాళీ తొట్టిని చూచుచు నెల్లాళ్లు ఊరకుండుట ఎంత కష్టమో ఇంట పిల్లలున్నవారికి తెలియును.

అసలు పరీక్ష వేసవిలో. ఈ జిల్లాలలో ఎండ 45 డిగ్రీల దరిదాపులకు పోవును. పగడములకు 25 డిగ్రీల ప్రాంతపు నీరు హితవు. వేడి 30 దాటి నిలిచినచో, వాని దేహములో నుండి వానికి ఆహారమిచ్చు సూక్ష్మమైన నాచు వెడలిపోవును, పగడము తెల్లబారును. నీరు తరిగినది గదా అని మరల ఉప్పునీరే పోయుట కొత్తవారి పొరపాటు. ఆవిరియైనది నీరే, ఉప్పు తొట్టిలోనే మిగిలి చిక్కబడును. లవణములు తీసిన నీరు మాత్రమే పోయవలెను. ఎండ, ఆవిరి, లవణము పాఠ్యపుస్తకములో మూడు అధ్యాయములు, తొట్టిలో ఒక్కటే.

ఇంతమాత్రముచేత పగడపు తొట్టి ఇంటింట నుండవలెననుట తొందరపాటగును. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అను ఆంగ్ల ప్రకృతి శాస్త్రజ్ఞుడు ‘ది అక్వేరియం’ అను గ్రంథమును ప్రకటించెను. సముద్రజీవములను ఇంట పెంచు వ్యామోహము దేశమంతట పాకి, జనులు తీరములమీద పడి రాతిగుంటలను ఊడ్చివేసిరి. ఆ విధ్వంసమును అతని కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో ప్రకటించిన తన గ్రంథములో విచారముతో వ్రాసెను. ప్రేమించిన చేతులే పాడుచేసిన కథ అది. మన దేశమున దిబ్బలు కట్టు పగడములు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరినవి. వానిని సముద్రమునుండి పెరుకుట నేరము. తొట్టిలోనే ముక్కలు చేసి పెంచిన పగడములును గలవని కొందరందురు. నిజమే, కాని కొనువానికి ఆ ముక్క పుట్టుక తెలియుట ఎట్లు?

కరీంనగరపు విద్యార్థికి పగడముతో చుట్టరికము లేకపోలేదు. పగడమునకు తేటనీరు, వెలుతురు కావలెను. మానేరు, కడెము, ప్రాణహిత గోదావరిలో కలియును. గోదావరి తెచ్చు ఒండ్రు, మంచినీరు సముద్రములో చేరును. మన్నారు సింధుశాఖలోనున్నట్టి విస్తారమైన దిబ్బలు తెలుగు తీరమున లేకపోవుటకు ఇట్టి నదుల ఒండ్రు ఒక ముఖ్య కారణము. పొలమును పండించు మట్టియే పగడమును ఊపిరాడనీయదు! ఈ సంగతి చెప్పుటకు పగడపు ముక్క అక్కరలేదు, దేశపటము చాలును.

పాఠశాలలో పెట్టదగినది మంచినీటి తొట్టి. అమ్మోనియా కథ అందును అదే, నిరీక్షణయు అదే. ఖర్చు మాత్రము అతి స్వల్పము. చెరువులోని పరిగెలు చాలును. 2016లో తెలంగాణ రాష్ట్రపు చేపయైన కొర్రమీనును ఉంచదలచినచో తొట్టికి మూత వేయవలెను, అది ఎగిరి దూకును. గాలి పీల్చుటకు అది నీటిపైకి వచ్చుచుండును. ఉదయము ఎన్నిసార్లు వచ్చినదో, మధ్యాహ్నపు వేడిలో ఎన్నిసార్లు వచ్చినదో పిల్లలు లెక్క వ్రాసికొనవచ్చును. పరిగెలను మాత్రము వేరొక తొట్టిలో నుంచవలెను. లేనిచో మరునాటికి లెక్కింప కొర్రమీను ఒక్కటే మిగులును.