కోడి మనది కాదు, కత్తి మనది కాదు, పందెం డబ్బు మాత్రం మనదా?

పోస్టు పొడుగైంది, కాస్త ఓపిగ్గా చదవండి.

మొన్న రాత్రి మన సీనియర్ అన్న ఒకరు పెట్టిన ప్లాను అందరూ చూసే ఉంటారు. బ్లాక్‌చెయిన్ గేములు ఆడే గిల్డ్ పెడదాం, స్కాలర్‌షిప్పు పడగానే తలా ఐదు వేలు వేసుకుందాం, మన తండాల పేరుతో సొంత టోకెన్ వదులుదాం, నాయకుడే లేని కమ్యూనిటీ తయారవుతుంది అని. గంటలో డెబ్బై లైకులు పడ్డాయి. నేను ఒప్పుకోను. అన్న మీద కోపం లేదు, హాస్టల్లో నాకు లెక్కలు నేర్పిన మనిషి ఆయన. నా కోపమంతా ప్లాను మీద.

ఆయన చెప్పే ఆట కొత్తదేం కాదు. వియత్నాంలో స్కై మావిస్ అనే కంపెనీ ఆక్సీ ఇన్ఫినిటీ అని ఒకటి తీసింది. చిన్న చిన్న బొమ్మ జంతువులు కొట్టుకుంటాయి, గెలిస్తే ఎస్ఎల్‌పీ అనే కాయిన్లు వచ్చేవి. అప్పట్లో ఆడాలంటే ముందు మూడు జంతువులు కొనాల్సి వచ్చేది. కరోనాలో పనులు పోయిన ఫిలిప్పీన్స్ జనం దీని మీద పడ్డారు. కొనలేనోళ్లకి ఉన్నోళ్లు తమ జంతువుల్ని ఆడుకోమని ఇచ్చారు, వచ్చినదాంట్లో వాటా తీసుకున్నారు. ఆడేవాడి పేరు 'స్కాలర్', ఇచ్చేవాడి పేరు 'మేనేజర్'. మనం దీన్ని ఏమంటాం? కౌలు అంటాం. పల్నాడులో కౌలు గురించి మనకి ఎవరో వచ్చి ఇంగ్లీషులో చెప్పక్కర్లేదు గదా.

2021 జూలైలో ఒక ఎస్ఎల్‌పీ ముప్ఫై సెంట్లు దాటింది. ఏడాది తిరిగేసరికి సెంటు కంటే కిందకి పోయింది. ఎందుకు పోయిందో అర్థం చేసుకోండి. ఆ కాయిన్‌తో ముఖ్యంగా చేసే పని ఒక్కటే, కొత్త జంతువుల్ని పుట్టించడం. పుట్టిన జంతువుని కొనడానికి కొత్త మనిషి రావాలి. ఆ మనిషి పెట్టిన డబ్బే ముందొచ్చినోడి సంపాదన. కొత్తోళ్లు తగ్గారు, ధర కూలింది. చివర్లో చేరినోడి చేతిలో బొమ్మలు మిగిలాయి.

ఇప్పుడు 'నాయకుడు లేడు, అంతా వికేంద్రీకరణ' అనే మాట చూద్దాం. ఆ ఆట నడిచే రోనిన్ నెట్‌వర్క్‌లో అప్పట్లో డబ్బు బయటికి పోవాలంటే తొమ్మిది తాళాల్లో ఐదు తిరగాల్సి ఉండేది. నాలుగు కంపెనీ దగ్గరే ఉండేవి. ఐదోది ఆక్సీ డీఏఓ అనే సంఘానిది, రద్దీ ఎక్కువని కొన్నాళ్లు దాని తరఫున కంపెనీని సంతకం పెట్టమన్నారు, పని అయిపోయాక ఆ అనుమతి తీసెయ్యడం మర్చిపోయారు. 2022 మార్చి 23న దొంగలు ఆ ఐదూ పట్టుకుని 1,73,600 ఈథర్, రెండున్నర కోట్లకి పైగా డాలర్ కాయిన్లు ఎత్తుకుపోయారు. అప్పటి విలువ అరవై కోట్ల డాలర్ల పైమాటే. ఉత్తర కొరియా హ్యాకర్ల పని అని అమెరికా ఎఫ్‌బీఐ తర్వాత తేల్చింది. ఇంతకీ పోయిన సంగతి తెలిసింది ఎప్పుడు? మార్చి 29న, ఒకాయన తన డబ్బు తీసుకోబోతే రాకపోయేసరికి! ఆరు రోజులు ఒక్కడూ చూసుకోలేదు. మా తండాలో డ్వాక్రా పెట్టెలో ఐదొందలు తేడా వస్తే పొద్దుగూకేలోపు చంటిపిల్లలకి కూడా తెలుస్తది.

ఆడేవాళ్ల డబ్బు కంపెనీ తర్వాత పెట్టుబడిదారుల దగ్గర తెచ్చి కట్టింది, అదీ నిజమే. అంటే ఆపదలో ఆదుకుంది ఒక కంపెనీ, బ్లాక్‌చెయిన్ కాదు. మన గిల్డ్ మునిగితే కట్టడానికి ఎవరున్నారు?

కోడిపందెంలో ఓడి ఏడేళ్లు వలస పోయారని పల్నాటి కథ చెప్తది. కారెంపూడి తిరునాళ్లకి పోయే ప్రతివాడికీ తెలిసిన కథే. అక్కడ కనీసం కోడి వాళ్లదే.

'పల్నాడులో ఉద్యోగాలెక్కడున్నాయి, ఫోనులో నాలుగు రూపాయలొస్తే తప్పేంటి' అని ఒక తమ్ముడు రాశాడు. బాధ నిజమే తమ్ముడూ. మా యాడి ఐదు వేలు వెనకేయాలంటే ఎన్ని రోజులు మిరపచేలో నడుం వంచాలో నాకు తెలుసు. అందుకే అడుగుతున్నా. పైగా చట్టం సంగతి ఉండనే ఉంది. క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, ఒకదాంట్లో పోయిన నష్టం ఇంకోదాంట్లో చూపించుకోలేం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే ఆపింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంలో పందెం అంటే డబ్బు ఒక్కటే కాదు, డబ్బుగా మారే కాయిన్లు, టోకెన్లు కూడా. ఆడేవాడిని వదిలేస్తారు, నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు. గిల్డ్ నడిపే తమ్ముడికి రేపు పోలీస్ వెరిఫికేషన్ ఉండే ఉద్యోగం వస్తే ఏం చేస్తాం?

టోకెన్ ప్లానులో ఒక లైను మీలో ఎంతమంది చదివారో గానీ, నలభై శాతం 'ఫౌండింగ్ టీమ్'కి అని ఉంది. కాయిన్లు ఎన్నుంటే అన్ని ఓట్లు అని కూడా ఉంది. మన తండా పంచాయితీలో నాయక్, కారభారీ మాటే చెల్లుబాటయ్యేది, ఆడవాళ్లని పిలిచి కూర్చోబెట్టింది తక్కువ. చదువుకుని దాన్ని ప్రశ్నించడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటన్నాం. ఇప్పుడు కాయిన్లు ఎక్కువున్నోడి ముందు చేతులు కట్టుకోవాలా?

వికేంద్రీకరణ నాకూ ఇష్టమే. దానికి కాయిన్ అక్కర్లేదు. ఒక కంపెనీ ఈమెయిల్ నుంచి ఇంకో కంపెనీ ఈమెయిల్‌కి ఉత్తరం పోతుంది, ఎవడూ టోకెన్ అడగడు. మాస్టొడాన్ లాంటివి ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకుని నడుపుకుంటారు. అంతదూరం ఎందుకు, ఈ గ్రూపునే చూడండి. ముగ్గురు అడ్మిన్లు, ముగ్గురూ మగవాళ్లే, ముగ్గురూ సుగాలీలే (నేనూ సుగాలీనే, అయినా చెప్తన్నా). యానాది, ఎరుకల, చెంచు పిల్లలు ఇందులో చదవడమే తప్ప రాసేది తక్కువ. పోయినేడు ఒక అడ్మిన్ ఫోను సాగర్ కాలవలో పడితే అడ్మిషన్ల లిస్టు మొత్తం పోయింది, ఎవరి దగ్గరా కాపీ లేదు. ముందు ఆ తాళాలు పంచండి. ఆరు నెలలకోసారి అడ్మిన్లు మారాలి, అందులో చెల్లెళ్లు ఉండాలి, వసూలు చేసిన ప్రతి రూపాయి లెక్క ఇక్కడే పెట్టాలి, లిస్టులు నలుగురి దగ్గర ఉండాలి.

ఆదివారం నరసరావుపేటలో కూర్చుందాం అన్నారు గదా అన్నా, తప్పకుండా వస్తా. మీ గిల్డ్ వాలెట్‌కి తాళాలు ఎన్ని, ఎవరెవరి దగ్గర ఉంటాయి, ఆ నలభై శాతం ఎవరిది, కాగితం మీద రాసుకుని రండి. స్కాలర్‌షిప్పు పడ్డ తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అప్పటిదాకా ఎవరికీ ఫోన్‌పే కొట్టకండి.