దేశాలు తిరిగి రాండ్రి, వాడకు లెక్క చెప్పుండ్రి

నాయకత్వ అధ్యయన యాత్రలనే మాట ఇప్పుడు ఆలేరు దాక వినవస్తున్నది. విదేశాల ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, సంస్థలు మన యువకులను పిలిపించుకొని రెండు మూడు వారాలు తిప్పుతయి. ప్రజాస్వామ్యం ఎట్ల నడుస్తదో, పౌర సమాజమంటే ఏందో, అక్కడి జనం బతుకు ఎట్లున్నదో చూపిస్తయి. అట్లనే అక్కడోళ్లు బృందాలు కట్టి మన దిక్కు వచ్చి చూసిపోతరు. ఇది మంచిదా చెడ్డదా అని సంఘాలల్ల పిల్లలు అడుగుతున్నరు. అదంతా సామ్రాజ్యవాదుల వల, పోవద్దని కొందరు పెద్దలంటున్నరు. విమానమెక్కితే చాలన్నట్టు ఇంకొందరున్నరు. మా మాట వేరే. పోవాలె. అయితే ఎవరి తరఫున పోతున్నమో, తిరిగొచ్చి ఎవరికి లెక్క చెప్పాలెనో తెలుసుకొని పోవాలె.

సముద్రం దాటితే కులం పోతదని వాళ్ల శాస్త్రాలు రాసుకున్నరు. పోతే పోనీ, మనకు అంతకంటె కావాల్సిందేమున్నది?

మనోళ్లల్ల అట్ల దాటి లోకాన్ని చదివొచ్చిన మహనీయుడు బాబాసాహెబ్ అంబేద్కర్. 1913ల బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోని న్యూయార్కు పోయి కొలంబియా విశ్వవిద్యాలయంల చేరిండు. చదువయినంక పదేండ్లు బరోడా సంస్థానంల కొలువు చేస్తనని ఒప్పందం రాసిచ్చి పోయిండు. అక్కడ చేతిల డబ్బు తక్కువ. అయినా కొలువుకు అక్కరకొచ్చే చదువొక్కటే చూసుకోలేదు. 1916 మే 9న ఆ పెద్ద పెద్ద పండితుల ముందట భారతదేశంల కులాల పుట్టుక మీద వ్యాసం చదివిండు. అంటే అమెరికా పోయి కూడా మన వాడ గురించే మాట్లాడిండు. గది యాత్ర అంటే.

తిరిగొచ్చినంక ఏమైంది? 1917ల బరోడా కొలువుల చేరితే బంట్రోతులు ఫైళ్లు దూరం నుంచి విసిరిండ్రు. తాగ నీళ్లియ్యలేదు. ఉండ ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంల తలదాచుకుంటే కట్టెలు పట్టుకొచ్చి వెళ్లగొట్టిండ్రు. కొలంబియా చదువు కూడ కులాన్ని కడగలేదు. ఆయన భయపడి ఇంట్ల కూసోలేదు. 1920ల పత్రిక పెట్టిండు, 1927ల మహద్ చెరువు నీళ్లు ముట్టిచ్చిండు. విదేశం పోయొచ్చినోడు ఏం చెయ్యాలెనో మనకు వేరే పుస్తకం అక్కరలేదు.

ఇగ అక్కడి నుంచి ఇక్కడికొచ్చిన యాత్ర చూద్దాం. 1959ల అమెరికా నల్లజాతి నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ దాదాపు నెల రోజులు మన దేశం తిరిగిండు. పిలిచి ఏర్పాట్లు చేసింది గాంధీ స్మారక నిధి. ఎవరిని కలవాలె, ఏం చూడాలెనన్న దాంట్ల పిలిచినోళ్ల చూపే ఎక్కువ. కాని కేరళల ఒక బడికి పోతే, ఆ బడి పెద్ద ఆయనను పిల్లలకు అమెరికా నుంచొచ్చిన తోటి అంటరానివాడని పరిచయం చేసిండట. చదువుకుంటున్నది మన పిల్లలే. కింగ్ ముందుగాల నొచ్చుకున్నడు. తర్వాత తన దేశంల రెండు కోట్ల నల్లజాతి జనం బతుకు యాదికొచ్చి, అవును, నేనూ అంటరానివాడినే అనుకున్నడు. 1965ల ఒక ప్రసంగంల ఈ సంగతి ఆయనే చెప్పిండు. మన దేశంల రిజర్వేషన్లున్నయని కూడా ఆ యాత్రల తెలుసుకొని, 1964ల అచ్చయిన పుస్తకంల తన దేశపోళ్లకు చెప్పిండు.

నెల రోజుల యాత్రల మంత్రులను, పెద్దమనుషులను ఎందరినో కలిసిండు. చివరికి ఆయన గుండెకు తాకింది మన పిల్లలున్న ఒక బడి.

ఆ యాత్రలనే కింగ్ వినోబా భావేను కలిసిండు. ఆ వినోబా భూదానం ఎక్కడ మొదలైంది? మన పోచంపల్లిలనే. 1951 ఏప్రిల్ 18న వినోబా ఊర్లకొస్తే నలభై దళిత కుటుంబాలోళ్లు మాకు ఎనభై ఎకరాల భూమి కావాలెనని అడిగిండ్రు. వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలిస్తనని లేచి చెప్పిండు. ఊరి పేరే భూదాన్ పోచంపల్లి అయింది. ఇచ్చినాయన పేరు చరిత్రకెక్కింది. అడిగిన నలభై ఇండ్లోళ్ల పేర్లు ఎందరికి తెలుసు? వాళ్లు నోరు తెరిచి అడగకపోతే ఆ దానమెక్కడిది? ఆ ధైర్యం ఎక్కడిది? దొరల మీద తెలంగాణ రైతాంగం సాయుధంగా లేచిన రోజులవి.

2021ల పోచంపల్లిని ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాలల్ల ఒకటిగ ఎంచింది. 2025 మే నెలల ప్రపంచ సుందరి పోటీలకొచ్చిన యువతులను కూడా అక్కడికి తోలుకొచ్చిండ్రు. మగ్గం చూపిస్తరు, ఇక్కత్ చీర చూపిస్తరు. నేతన్నల పనితనం లోకానికి తెలువాల్సిందే, మాకు సంతోషమే. ఆ వంద ఎకరాలల్ల ఇయ్యాల మనోళ్ల చేతుల ఎన్ని ఉన్నయో కూడ చూపియ్యాలె కదా? అది చూపియ్యనిది ప్రజాస్వామ్యం ఎట్ల అర్థమైతది?

స్థానిక సంస్కృతి అంటే గుడి, బతుకమ్మ, కోలాటం అని ఒక పట్టీ ఉంటది. ఆఖరుకు డప్పు పెడతరు. చావుకు, జాతరకు, చాటింపుకు మనతోని ఎట్టికి కొట్టించిన డప్పే అది. ఇయ్యాల అతిథులకు స్వాగతం చెప్పే కళ అయింది. కళే. అయితే కొట్టినోనికి కూలి గట్టియ్యాలె, కుర్సీ వెయ్యాలె, మాట్లాడనియ్యాలె. డప్పును ముందట నిలబెట్టి, డప్పు కొట్టేటోన్ని వాకిట్ల నిలబెడితే అది పాత ఎట్టే.

పౌర సమాజమంటే హైదరాబాదుల ఏసీ హాళ్లల్ల ఉంటదని మన పిల్లలు అనుకోవద్దు. ఇంటికింత చందా వేసుకొని చౌరస్తల అంబేద్కర్ విగ్రహం నిలబెట్టిన యువజన సంఘం పౌర సమాజమే. సారా మీద లేచిన ఆడోళ్లు పౌర సమాజమే. దాడి జరిగిన రాత్రి ఠాణా ముందట కూసోని, 1989 అత్యాచార నిరోధక చట్టం కింద కేసు రాసేదాక లేవని వాడ జనం పౌర సమాజమే.

ఇగ ఎంపిక సంగతి. అమెరికా ప్రభుత్వం 1940లనే మొదలుపెట్టిన సందర్శకుల నాయకత్వ కార్యక్రమానికి దరఖాస్తు ఫారం ఉండదు. రాయబార కార్యాలయమోళ్లే మనుషులను చూసి పేర్లు ఎంచుకుంటరు. మరి వాళ్ల కండ్లల్ల పడేదెవరు? సెమినార్లకు పోయేటోడు, ఇంగ్లీషు గలగల మాట్లాడేటోడు, తెలిసినోళ్లున్నోడు. మన వార్డు మెంబరక్క, మన కూలి సంఘం తమ్ముడు ఎట్ల కనబడతరు? అందుకే ఈ పని వ్యక్తులకు విడిచిపెట్టొద్దు, సంఘాలు నెత్తిన వేసుకోవాలె.

మేం చెప్పేది నాలుగు ముచ్చట్లు.

ఒకటి. ప్రతి సంఘం చదువుకున్న పిల్లలకు, ముఖ్యంగ ఆడపిల్లలకు పాస్‌పోర్టు తీయించాలె. కుల, ఆదాయ సర్టిఫికెట్లు తయారుగ ఉంచాలె. పై చదువుకు పోయేటోళ్లకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉన్నదని ప్రతి ఇంట్ల చెప్పాలె.

రెండు. పోయేటోళ్లు వాడ ప్రశ్నలు రాసుకొని పోవాలె. మీ దేశంల చెత్త ఎత్తేటోడు ఎవడు, వాని కూలి ఎంత, వాని బిడ్డ ఏ బడికి పోతది? నల్లజాతోళ్లకు భూమి ఎంత ఉన్నది? ఇవి అడగాలె. మన సంగతి కూడ దాచకుండ చెప్పాలె. 2001ల డర్బన్ల జాతివివక్ష వ్యతిరేక ప్రపంచ సదస్సుకు మనోళ్లు పోయి కులం సంగతి ఎత్తితే, అది మా ఇంటి ముచ్చట అని మన ప్రభుత్వమే అడ్డం పడ్డది. ఆఖరి తీర్మానంల కులం మాట రానియ్యలేదు. మనోళ్లు విడువలేదు. మరుసటి ఏడు, 2002ల, ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన కమిటీ కులం లాంటి పుట్టుక వివక్ష కూడ తన ఒడంబడిక కిందికే వస్తదని తేల్చి చెప్పింది.

మూడు. బయటి బృందం ఊర్లకొస్తే వాళ్లు వాడల కూసోవాలె, మన నీళ్లు తాగాలె, మన మాట వినాలె. మాల వాడ, మాదిగ వాడ, ఉపకులాల గుడిసెలు ఏవీ తప్పిపోవద్దు. పంచాయతీ పెద్దలు గుడికాన్నుంచే కారు మలుపుతనంటే మన సంఘం నిలబెట్టి అడగాలె.

నాలుగు. తిరిగొచ్చినోళ్లు నెల తిరగకముందే వాడల సభ పెట్టి లెక్క చెప్పాలె. ఎవరి పైసలతోని పోయినవు, ఏం చూసినవు, ఏం అడిగినవు, ఇగ మాకోసం ఏం చేస్తవు? కూలికి పోయొచ్చిన అవ్వ అడిగితే ఆమెకు అర్థమయ్యే తెలుగుల జవాబు చెప్పాలె. ఫోటోలు చూపిచ్చి చాయ్ తాగి పోతే సరిపోదు.

నాయకత్వం సర్టిఫికెట్ల రాసిస్తే రాదు. లెక్క అడిగే జనం ముందట నిలబడితే వస్తది. పోయేటోళ్లకు దారి ఖర్చులకు తలా ఇంత వేసుకుందాం. వచ్చేటోళ్లకు వాడల చాప పరుద్దాం. ఇద్దరినీ అడుగుదాం.

జై భీం!