పూత నాడే పలకరించాలి

ఎండాకాలం వస్తే కుందారపల్లి చుట్టుపక్కల మామిడి కోతల హడావుడి. ఇంజినీరింగ్ మూడో ఏడు పరీక్షలు రాసి ఇంటికొచ్చిన పిల్లలు కొందరు తోటలో నాయనకు సాయం చేస్తారు. మరికొందరు ఎక్కడో డబ్బు కట్టి ట్రైనింగ్ సర్టిఫికెట్టు తెచ్చుకుంటారు. మొదటిదానిలో తప్పు లేదు. పేచీ రెండోదానితోనే. పనిముట్టు పట్టకుండా చేతికొచ్చిన కాగితం ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తేలిపోతుంది.

అసలైన శిక్షణ మరీ దూరాన లేదు. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మరో రెండు జాతీయ అకాడమీలతో కలిసి ఏళ్ల తరబడి విద్యార్థులకు వేసవి రీసెర్చి ఫెలోషిప్పులు ఇస్తూ వస్తోంది. ఎంపికైతే రెండు నెలలు శాస్త్రవేత్త దగ్గర పని, పైగా ఉపకార వేతనం. చెన్నై ఐఐటీకీ ఇలాంటి వేసవి పథకం ఉంది.

ఇలా నేర్చుకోదగ్గవాటిలో కాంపోజిట్ పదార్థాల విద్య ఒకటి. అదేమీ బ్రహ్మపదార్థం కాదు. మట్టిలో గడ్డి కలిపి తొక్కి గోడ పెట్టిన తాతలకు తెలిసిన సూత్రమే. ఇప్పుడు గడ్డి స్థానంలో కార్బన్ పోగులు, మట్టి స్థానంలో రెజిన్ వచ్చాయి. 2001 జనవరి 4న బెంగళూరులో తొలిసారి ఎగిరిన తేజస్ విమాన దేహం బరువులో దాదాపు 45 శాతం ఇవే. హైదరాబాదులో క్షిపణుల పని చేస్తున్న రోజుల్లోనే అబ్దుల్ కలాం బృందం తేలిక పదార్థాల అనుభవంతో, నిమ్స్ వైద్యుల కోరిక మీద, పోలియో పిల్లల మూడు కిలోల క్యాలిపర్లను 300 గ్రాములకు దించింది.

ఈ విద్య పుస్తకం చదివితే పూర్తిగా వచ్చేది కాదు. పోగులను ఏ దిక్కున పరిస్తే ఎటు బలమో, గాలి బుడగ చిక్కితే ఏమవుతుందో చేసి చూడాలి. పైకి నున్నగా కనిపించే పలక లోపల పొరలు విడిపోయి ఉండొచ్చు. తాను చేసిన ముక్కను యంత్రంలో పెట్టి లాగి, ఎక్కడ తెగిందో, ఎందుకు తెగిందో చూసిన విద్యార్థి దాన్ని మరచిపోడు.

హోసూరు, పోచంపల్లిల్లో విద్యుత్ స్కూటర్లు తయారవుతున్నాయి. బండి బరువు తగ్గితే అదే బ్యాటరీతో మరికొంత దూరం పోతుంది. ఆ బరువు తగ్గించే పనిలో మన పిల్లలుండాలా, బోల్టులు బిగించే వరుసలోనే మిగలాలా?

తెలివికి కొదవ లేదు. కొదవల్లా సమాచారానికి, ధైర్యానికి. అకాడమీ దరఖాస్తుల గడువు సాధారణంగా ముందు ఏడాది చివర్లోనే ముగుస్తుంది. మనవాళ్లు ఏప్రిల్లో ఆరా తీస్తారు. గురువు సిఫార్సు లేఖ అడగాలంటే బిడియం. ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషులో తమ ఆసక్తిని నాలుగు ముక్కలు రాయాలంటే జంకు. ఆడపిల్లను రెండు నెలలు పైఊరు పంపాలంటే ఇంట్లో గుబులు.

బర్గూరు ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ మొదలు హోసూరు ప్రైవేటు కాలేజీల దాకా ఒక్కో అధ్యాపకుడికి ఈ బాధ్యత అప్పగించాలి. దసరా సెలవులు కాగానే నోటీసు పెట్టి, పిల్లల పక్కన కూర్చుని దరఖాస్తులు రాయించాలి. తెలుగు సంఘాలు సన్మానాల ఖర్చులో కొంత తగ్గించి హాస్టలు అద్దెకు, బస్సు ఛార్జీకి సాయపడితే నిజమైన భాషాసేవ అవుతుంది.

పూత నాడు పట్టించుకోని తోటను కోతల నాడు తిట్టుకుని లాభం లేదని ఇక్కడి రైతుకు ఒకరు చెప్పాలా? దరఖాస్తూ అంతే.