వెలుతురుతో గాలిని కడుగగలమా?

నీటి శుద్ధి చరిత్రలో మన నల్గొండకు ఒక స్థానం కలదు. 1970 దశకంలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నములతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానాన్ని రూపొందించగా, అది ‘నల్గొండ పద్ధతి’గా ప్రసిద్ధి పొందినది. నాడు నీటికి లభించిన శ్రద్ధ నేడు గాలికి కూడ లభించవలెనని మా అభిప్రాయం.

పూర్వపు నల్గొండ జిల్లాలోని చౌటుప్పల్ ప్రాంతంలోను, మహబూబ్‌నగర్ జిల్లా జడ్చర్ల సమీపాన పోలేపల్లిలోను ఔషధ కర్మాగారాలు వెలిశాయి. మందుల తయారీలో టోలీన్, మిథనాల్ వంటి ద్రావకాలు వాడతారు. ఇవి తేలికగా ఆవిరయ్యే పదార్థాలు. రోగిని బ్రతికించే మందు తయారగుచోట పొరుగువాని ఊపిరి చెడరాదు గదా!

ఇట్టి ఆవిరులను వెలుతురు సాయంతో విచ్ఛిన్నం చేయవచ్చునని రసాయన శాస్త్రం చెబుతున్నది. టైటానియం డయాక్సైడుపై కాంతి పడినప్పుడు నీరు విడిపోవుటను 1972లో జపాను శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండాలు ప్రకటించారు. తెల్లరంగులలో వాడే సామాన్య పదార్థమే ఇది. దీనికి అతినీలలోహిత కాంతి సోకగానే ఎలక్ట్రానులు చలించి, చుట్టునున్న తేమ, ప్రాణవాయువుల నుండి చురుకైన కణాలు జనిస్తాయి. అవి ద్రావకపు ఆవిరిని బొగ్గుపులుసు వాయువుగాను, నీరుగాను మార్చగలవు. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో కూడ ఇట్టి ఉత్ప్రేరకాలపై పరిశోధనలు జరిగాయి.

అయితే దీనిని సర్వరోగ నివారిణిగా భావించరాదు. సూర్యకాంతిలో అతినీలలోహిత భాగం నూటికి సుమారు 5 పాళ్ళే. రాత్రివేళ దీపాలు తప్పవు. దుమ్ము పేరుకొన్న ఉత్ప్రేరకం పనిచేయదు గనుక సిమెంటు కర్మాగారపు పొగగొట్టానికి ఇది తగదు. క్లోరిన్ గల ద్రావకాలు విరిగినప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వెలువడుతుంది. దానిని వేరుగా కడుగవలెను. చిక్కని ఆవిరులను ముందుగా చల్లార్చి, ద్రవంగా పట్టి, తిరిగి వాడుకొనుటయే మేలు. మిగిలిన పలుచని ఆవిరికే ఈ విద్య అనువైనది.

నల్గొండ పద్ధతి మనకు మరొక పాఠం కూడ నేర్పినది. ప్రతిదినం పటికను, సున్నమును సరిపాళ్ళలో కలిపే మనిషి లేనిచోట అది నిలువలేదు. ఉత్ప్రేరకపు పలకలను కడిగేవారు, దీపాలు మార్చేవారు, వెలువడే గాలిని కొలిచేవారు లేకున్నచో ఈ కొత్త విద్యకు కూడ అదే గతి పడుతుంది.

కావున మా కోరిక ఇది: మన జిల్లాలలో ఒక్క కర్మాగారపు ఒక్క గొట్టం వద్దనైనా దీనిని పరీక్షించవలెను. శుద్ధికి ముందు, తరువాత తీసిన కొలతలను తెలుగులోను, ఉర్దూలోను గ్రామపంచాయతీ గోడపై ప్రకటించవలెను. ఆ గాలిని పీల్చేవారికి ఆ లెక్క తెలిసికొనే హక్కు కలదు.