ఏ కొత్తపల్లె?

నంద్యాల బస్టాండులో నిలబడి "కొత్తపల్లెకు బస్సు ఎప్పుడుంది?" అని అడిగితే సమాధానం రాదు, "ఏ కొత్తపల్లె?" అన్న ఎదురుప్రశ్న వస్తుంది. మా జిల్లాలోనే ఆ పేరుతో ఒక మండలం ఉంది. ఆళ్లగడ్డ వైపు వెళ్లేవారు చెప్పే కొత్తపల్లె వేరు. కాకినాడ దగ్గర ఒకటి, కరీంనగర్ దగ్గర మరొకటి ఉన్నాయి. పేరు ఒకటైనంత మాత్రాన ఊరు ఒకటి కాదని కండక్టరుకు తెలుసు. లినక్సులో ప్రోగ్రాములకు లైబ్రరీలను వెతికిపెట్టే లోడరుకు మాత్రం ఈ ఎదురుప్రశ్న వేసే అలవాటు లేదు. ఆ పేరుగల బోర్డు మొదట ఎక్కడ కనబడితే అక్కడే దించేస్తుంది.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13కు నా కంప్యూటరును మార్చిన రాత్రి నన్నూ అలాగే దించేసింది. నాది కేడీఈ డెస్క్‌టాపు కనుక తెర మామూలుగానే వచ్చింది. కానీ జీటీకే మీద ఆధారపడిన ప్రోగ్రాము ఒక్కటీ లేవలేదు. ఫైర్‌ఫాక్సు కూడా మూగబోయింది. కాన్సోలులో నుండి పిలిస్తే ఒకే ఒక్క వాక్యం పలికింది: పాంగో లైబ్రరీకి కావలసిన ఫలానా సింబలు దొరకలేదట. ఆ సింబలు పేరు 'హెచ్‌బీ' అన్న అక్షరాలతో మొదలవుతోంది.

ఇటువంటి సమయంలో మనలో చాలామంది చేసే పని ఫార్మాటు కొట్టడం. నేనూ ఒకప్పుడు చేశాను. సరిగ్గా ఇలాంటి తప్పే వచ్చినప్పుడు విసుగుతో డిస్కును తుడిచేసి మళ్లీ స్థాపించుకున్నాను. మా అవ్వ నోటి మాటలు, సామెతలు మూడేళ్లపాటు ఎక్కించుకున్న దస్త్రం అందులో ఉన్నదన్న సంగతి తెల్లవారాక జ్ఞాపకం వచ్చింది. అప్పటికి అవ్వ లేదు. తర్వాత తెలిసింది, ఆనాటి తప్పుకు మందు రెండు ఆదేశాలు. ఆ రెండు ఆదేశాలకోసం ఎవరినీ అడగలేదు, తెర మీద ఉన్న వాక్యాన్ని పూర్తిగా చదవనూ లేదు.

కనుక ఈసారి చదివాను. 'ఎల్‌డీడీ' అన్న చిన్న పనిముట్టు ఉంది. ప్రోగ్రామును గానీ లైబ్రరీని గానీ దానికి చూపిస్తే, అది ఏయే లైబ్రరీలను పేరుపెట్టి అడుగుతున్నదో, ఆ పేరుకు ఏ దారిలోని ఏ దస్త్రం దొరుకుతున్నదో వరుసగా చెబుతుంది. పాంగోను చూపించాను. హార్ఫ్‌బజ్ అన్న పేరుకు ఎదురుగా డెబియన్ స్థాపించిన దస్త్రం లేదు; 'యూఎస్ఆర్ లోకల్' కింద ఉన్న మరొక దస్త్రం ఉంది. 'డీపీకేజీ'ని అడిగితే ఆ దస్త్రం ఏ ప్యాకేజీకీ చెందినది కాదంది. అనాథ. తీరా చూస్తే ఆ అనాథకు తండ్రిని నేనే!

డెబియన్ 12 నడుస్తున్న రోజుల్లో ఒక తెలుగు ఖతిలో ఒత్తు కింద ఒత్తు సరిగా కూర్చుంటున్నదో లేదో చూడాలనిపించింది. అప్పటికి సరికొత్తదైన హార్ఫ్‌బజ్ మూలాన్ని దించుకుని, నా చేతులతో కంపైలు చేసి స్థాపించాను. చూశాను, సంతోషించాను, మరచిపోయాను. లోడరు వెతికే వరుసలో డెబియన్‌లో ఆ 'లోకల్' దారి ముందుంటుంది. ఆనాటి సరికొత్తది ఈనాటికి ముసలిదయింది. కొత్త పాంగో అడిగిన పని దానికి రాదు. కానీ పేరు మారలేదు: నాటికీ నేటికీ 'లిబ్‌హార్ఫ్‌బజ్.ఎస్‌ఓ.0'యే. లోడరు మొదటి కొత్తపల్లెలోనే దిగిపోయింది. ఆ దస్త్రాలను నా ఇంటి సంచయంలోకి తరలించి, 'ఎల్‌డీకాన్ఫిగ్' నడిపి జాబితాను తాజా చేయగానే అన్నీ లేచి కూర్చున్నాయి.

ఆ చివరి సంఖ్య గురించి ఒక మాట. లైబ్రరీ పేరు చివర ఉండే ఆ అంకె అలంకారం కాదు, ఒక ఒడంబడిక. పాత ప్రోగ్రాములు అడిగినవన్నీ ఇంకా చేస్తాను అన్నంతకాలం ఆ అంకె మారదు. చేయలేనన్నప్పుడు మారుతుంది. అయితే ఒడంబడిక ఒకవైపే: కొత్తది పాతవారికి పనికొస్తుంది గాని, పాతది కొత్తవారికి పనికిరావాలని ఎక్కడా లేదు. నా విషయంలో జరిగింది అదే.

ఇంతకంటె చేటైన పని ఒకటుంది, అది మనవాళ్లు తరచు చేసేది. 2022 ఏప్రిలులో వచ్చిన ఉబుంటు 22.04లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 మాత్రమే ఉంది. 1.1ను అడిగే పాత ప్రోగ్రాములు ఒక్కసారిగా "ఆ దస్త్రం లేదు" అంటూ కూలబడ్డాయి. అప్పుడు చాలామంది 3వ దస్త్రానికి 1.1 అని లంకె పెట్టి చూశారు. బోర్డు మారిస్తే ఊరు మారుతుందా? ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ తన సింబళ్ల లోపల కూడా కూర్పు పేరును ముద్రిస్తుంది కనుక ఆ మోసం గుమ్మంలోనే బయటపడింది. అలా లోపల ముద్ర లేని లైబ్రరీలైతే ప్రోగ్రాము లేస్తుంది, నడుస్తుంది, వారం తర్వాత ఎక్కడో దస్త్రం మధ్యలో తప్పు రాస్తుంది. లేవకపోవడమే నయం. మరికొందరు పాత ఉబుంటు ప్యాకేజీని దించి నెత్తికెత్తుకున్నారు. అది నడిచింది. కానీ 1.1.1కు ఉచిత మద్దతు 2023 సెప్టెంబరుతో ముగిసింది. తర్వాత కన్నం పడితే పూడ్చేవారు లేరు. తప్పనిసరై వాడితే ఆ ఒక్క ప్రోగ్రాముకు మాత్రం వేరుగా పెట్టుకోండి, అందరూ నడిచే దారిలో కాదు.

తెలుగు రాసేవారికి ఈ పోరు కొత్త కాదు. లినక్సులో తెలుగు టైపు చేయడానికి స్కిమ్ వాడిన రోజులు పాతకాపులకు గుర్తుండాలి. స్కిమ్‌ను సీ++లో రాశారు. దాని ముక్క ప్రతి జీటీకే ప్రోగ్రాము కడుపులోకీ వెళ్లి కూర్చునేది. 2004లో వచ్చిన జీసీసీ 3.4తో సీ++ లైబ్రరీ అంకె 5 నుండి 6కు మారింది. పాత కంపైలరుతో కట్టిన ప్రోగ్రాము 5ను పట్టుకుని ఉంటే, దాని కడుపులోకి వెళ్లిన స్కిమ్ 6ను వెంటబెట్టుకుని వెళ్లేది. ఒకే ఇంట్లో ఇద్దరు యజమానులు! ప్రోగ్రాము అక్కడికక్కడే కూలేది. తెలుగు రాయాలనుకోవడమే నేరమైనట్లు. ఇంగ్లీషులో రాసుకునేవారికి స్కిమ్ అవసరమే లేదు కనుక ఆ కూలుడు కనబడేదే కాదు. చివరికి దానికి మందు దొరికింది. ప్రోగ్రాము లోపలికి వెళ్లే ముక్కను సీలో తిరిగి రాసి, సీ++ భాగాన్ని బయట వేరే ప్రక్రియగా నిలిపి, రెండూ సాకెట్ ద్వారా మాట్లాడుకునేలా స్కిమ్-బ్రిడ్జ్ అని తయారుచేశారు. ఒకే కప్పు కింద పొసగనివారిని వేరు కాపురం పెట్టించి, గోడ మీదుగా మాట్లాడుకోమన్నారన్నమాట. నాకిప్పటికీ ఇంతకంటె మర్యాదైన పరిష్కారం కనబడలేదు.

"ఈ గొడవంతా ఎందుకు, ప్రతి ప్రోగ్రామూ తన లైబ్రరీలను తనే మోసుకొస్తే పోలేదా?" అంటారు స్నాప్, యాప్‌ఇమేజ్ అభిమానులు. సగం ఒప్పుకుంటాను. కానీ తెలుగువాడిగా నాకొక భయం ఉంది. ఒకప్పుడు పాంగో అక్షరాలను ఒక తీరుగా, క్యూటీ మరొక తీరుగా, ఓపెన్ ఆఫీసు ఐసీయూతో ఇంకొక తీరుగా పేర్చేవి. ఒక చోట సరిగా ఉన్న ఒత్తు మరొక చోట పక్కకు జారేది. 2012లో పాంగో, 2013లో లినక్సు మీద లిబ్రె ఆఫీసు హార్ఫ్‌బజ్‌కు మారాయి. అప్పటినుండి అక్కడ ఒక దోషం దిద్దితే పెక్కు ప్రోగ్రాములలో దిద్దినట్టే. ఎవరి మూట వారు మోసుకుంటే, దిద్దిన దోషం ఎన్ని పాత మూటలలో ఎన్నాళ్లు బతికి ఉంటుందో లెక్కపెట్టేదెవరు?

2018 ఫిబ్రవరిలో ఐఫోనులు 'జ్ఞా' అన్న అక్షరాన్ని చూసి కుప్పకూలిన ఉదంతం మరచిపోలేదు కదా. జకారం, హల్లు గుర్తు, ఞకారం, నడుమ ఒక శూన్య విభజని, దీర్ఘం: ఈ వరుస వస్తే చాలా ప్రోగ్రాములు మూతపడేవి. కారణం అన్నింటికీ ఉమ్మడిగా అక్షరాలు పేర్చే లైబ్రరీలో ఉంది. ప్రపంచం నవ్వుకుంది, మన అక్షరాన్ని బాంబు అంది. నేను గమనించినది వేరొకటి. ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 వచ్చింది, దాన్ని ఎక్కించుకున్నవారికి అన్ని ప్రోగ్రాములలోనూ ఒకేసారి నయమైంది. ఉమ్మడి బావిలో మురికి పడితే ఊరంతా బాధపడుతుంది, నిజమే. తేరుకునేదీ ఊరంతా ఒకేసారి.

మన తెలుగును తామే పరీక్షించి దోషాలు చెప్పే ఆంగ్ల వాడుకరులు ఎక్కడా ఉండరు. కనుక కొత్త కూర్పు విడుదల కాకముందే ఒక పాత యంత్రంలో దాన్ని ఎక్కించి, మీరు రోజూ వాడే ఖతితో నాలుగు పేరాలు రాసి చూడండి. ఒత్తు జారితే, ప్రోగ్రాము కూలితే, తెర మీద వచ్చిన వాక్యాన్ని, ఎల్‌డీడీ చెప్పిన వరుసను ఉన్నదున్నట్టు నకలు చేసి సంబంధిత ప్యాకేజీ నిర్వాహకులకు పంపండి. అయితే పంపేముందు 'లోకల్' దారిలో మీ అనాథలు ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి. నేను ఆ రాత్రి పాంగో వారి మీద ఘాటుగా ఒక ఫిర్యాదు సగం రాసి ఉన్నాను.

నా పాత హార్ఫ్‌బజ్‌ను పారేయలేదు. ఇంటి సంచయంలో 'ఖతి పరీక్ష' అన్న అరలో ఉంది. అవసరమైనప్పుడు 'ఎల్‌డీ లైబ్రరీ పాత్' అన్న చలరాశిని ఆ ఒక్క ఆదేశానికి ముందు మాత్రం పెట్టి పిలుస్తాను. పక్కనే ఒక చిన్న దస్త్రంలో దాన్ని ఎప్పుడు కట్టానో, ఎందుకు కట్టానో రాసి పెట్టాను.